ఏ భాగంతో కొట్టాలి, ఏ దారిలో కొట్టాలి: పంచ్‌లు, కిక్‌లు ఇంటి దగ్గరే సరిచూసుకోవడం ఎలా

"పంచ్ కొడితే మణికట్టు నొప్పెడుతోంది సార్." "రౌండ్ కిక్‌లో (కాలిని పక్కనుంచి వంపుగా తిప్పి కొట్టేది) పాదం తగలాలా, షిన్ (మోకాలి కింద ముందువైపు ఎముక) తగలాలా?" "మా సార్ ఒకలా చెప్పారు, బరంపురం క్యాంపులో ఇంకోలా చెప్పారు, ఏది కరెక్టు?" ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు కరాటే, తైక్వాండో నేర్చుకునే పిల్లలూ వాళ్ళ అమ్మానాన్నలూ తిప్పి తిప్పి అడిగేవి ఈ మూడే. విడివిడిగా జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను.

మూడింటికీ మూలం ఒకటే. కొట్టే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి: శరీరంలో ఏ భాగం తగలాలి, ఆ భాగం ఏ దారిలో వెళ్ళాలి. ఈ రెండూ కలిస్తేనే టెక్నిక్. ఒకటి మారితే రెండోదీ మారాలి. మార్చకపోతే దెబ్బ ఎదుటివాడికి కాదు, మీకే తగులుతుంది.

మన వైపు ఇంకో చిక్కు కూడా ఉంది. టెక్నిక్ పేరేమో జపనీస్‌లోనో కొరియన్‌లోనో ఉంటుంది. సార్ వివరించేది ఒడియాలో. ఇంటికొచ్చి తమ్ముడికి చూపించేది తెలుగులో. చివరికి పేరు గుర్తుంటుంది గానీ చెయ్యి ఎలా వెళ్ళాలో గుర్తుండదు. కాబట్టి ఇక్కడ పేర్లు తక్కువ వాడతాను.

థియరీ ఇంతే

దసరాకి గరిడీ వాళ్ళు కర్ర తిప్పడం చూసే ఉంటారు. అదే కర్రని మొన ముందుకి పెట్టి తోస్తే పోటు, పక్కనుంచి తిప్పి వేస్తే వేటు. పోటుకి మొన తగలాలి, వేటుకి కర్ర పక్కభాగం తగలాలి. ఏ వస్తాదైనా మొదట నేర్పేది అదే. చేతులకీ కాళ్ళకీ అదే లెక్క. ఇక్కడి నుంచి తిన్నగా వెళ్ళేదాన్ని పోటు అనీ, వంపు తిరిగి వెళ్ళేదాన్ని వేటు అనీ అంటాను.

ఇంకో మూడు ముక్కలు చాలు. ఒకటి, అదే బలం నాలుగో వంతు చోటు మీద పడితే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. రెండు మెటికలతో కొట్టిన గుద్దు అరచేతి దెబ్బకన్నా గుచ్చుకున్నట్టు ఉండేది అందుకే. ఆ ఒత్తిడి మీ ఎముక మీద కూడా అంతే పడుతుందని మరిచిపోకండి. రెండు, బరువు మారకుండా వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది. వేటుకి దారి పొడుగు కాబట్టి వేగం అందుకునే వ్యవధి ఎక్కువ, ఎదుటివాడు చూసి తప్పుకునే వ్యవధీ ఎక్కువే. మూడు, ఇది ముఖ్యం: వంపు దారిలో వచ్చే పిడికిలి తగిలే క్షణంలో ఎటు పోతోందో బలం అటే పోతుంది. మీరు ఎటు కొట్టాలనుకున్నారో దానికి తెలియదు. కొట్టే భాగం ఆ క్షణంలో అటు తిరిగి ఉండాలి, దాని వెనక ఎముకలు వరసలో ఉండాలి.

కావాల్సినవి

- ముగ్గు పిండి లేదా సుద్దముక్క. బియ్యప్పిండి అయినా సరే.
- ముదురు రంగు పాత గుడ్డ ఒకటి. నల్లదో నీలందో అయితే మచ్చ బాగా కనిపిస్తుంది.
- స్కూలు పిల్లల 30 సెంటీమీటర్ల స్కేలు.
- వేలాడే బ్యాగ్. కొనక్కర్లేదు. గోనెసంచిలో పాత చీరలు, దర్జీ షాపులో మిగిలిన గుడ్డపీలికలు పొరలు పొరలుగా కుక్కి కుట్టేయండి.
- గోడ, ప్లాస్టిక్ కుర్చీ.
- స్లో మోషన్ ఉన్న ఫోను.
- చేతికి చుట్టుకునే హ్యాండ్ ర్యాప్. లేకపోతే మందుల షాపులో దొరికే క్రేప్ బ్యాండేజ్.
- ప్యాడ్ పట్టుకోవడానికి ఒక మనిషి. ఎవరూ దొరక్కపోయినా పని ఆగదు.

బ్యాగ్‌లో ఇసక పోయకండి. చాలామంది చేసే పని ఇదే. నాలుగు రోజుల్లో ఇసకంతా కిందికి దిగి, అడుగు భాగం రాయిలా అయిపోతుంది. కిక్ సరిగ్గా అక్కడే తగులుతుంది. వానాకాలంలో గోనెసంచి తడి పట్టి బరువెక్కి గట్టిపడుతుంది, రాత్రి లోపల పెట్టుకోండి. బ్యాగ్ కుదరని వాళ్ళు పాత పరుపు మడిచి స్తంభానికి కట్టుకున్నా చాలు. మొదటి నెల అంతకన్నా గట్టిది అవసరం లేదు కూడా.

1. కొట్టే భాగాన్ని చూసుకోండి, గుర్తు పెట్టండి

పిడికిలి బిగించండి. చూపుడు వేలు, మధ్య వేలు మొదట్లో ఉన్న రెండు పెద్ద మెటికల మీద పెన్నుతో చుక్కలు పెట్టండి. తిన్నని పంచ్‌లో తగలాల్సింది ఈ రెండే. మిగతా చోట్లు కూడా వేలితో తడిమి చూసుకోండి: అరచేతి అడుగున మణికట్టుకి ఆనుకుని ఉండే మెత్తటి దిండు, చిటికెన వేలి వైపు చేతి అంచు, పిడికిలి బిగించినప్పుడు అదే వైపు ఏర్పడే కండ, మోచేతి ముందు భాగం. కాలికి వస్తే, మునివేళ్ళ మీద నిలబడితే నేలకి ఆనే మెత్త, చెప్పు పట్టీ ఆనే పాదం పైభాగం, మడమ, పాదం బయటి అంచు, మోకాలి కింద ముందువైపు ఎముక, అంటే షిన్.

వేలితో నొక్కితే చాలు, ఎక్కడ కండ ఉంది, ఎక్కడ తోలు కిందే ఎముక ఉంది తెలిసిపోతుంది. పాదం పైభాగాన్ని ఒకసారి గట్టిగా నొక్కండి. అన్నీ సన్నని ఎముకలే. రౌండ్ కిక్ దగ్గర ఈ సంగతి మళ్ళీ వస్తుంది.

2. పిడికిలి, మణికట్టు వరస

నాలుగు వేళ్ళూ లోపలికి గట్టిగా మడిచి, బొటనవేలు చూపుడు, మధ్య వేళ్ళ మీదుగా అడ్డంగా వేయండి. బొటనవేలు పిడికిలి లోపల పెట్టి గుద్దితే ముందు విరిగేది అదే. పైకి నిలబెట్టినా, ముందుకి పొడుచుకొచ్చినా అంతే.

ఇప్పుడు స్కేలు తీసుకోండి. చేతి వెనకభాగం నుంచి ముంజేతి మీదికి పడేలా పెట్టండి. స్కేలు రెండు చోట్లా ఆనాలి. మణికట్టు దగ్గర కింద ఖాళీ కనిపిస్తే చెయ్యి పైకి వంగినట్టు. స్కేలు ముందు భాగం గాల్లో తేలితే కిందికి వంగినట్టు. ఆ తర్వాత పైనుంచి చూస్తూ పక్కలకి కూడా సరిచూడండి: ముంజేతి ఎముక గీత తిన్నగా సాగి ఆ రెండు చుక్కల దగ్గరికి రావాలి. అది ఉంగరం వేలి వైపు పోతుంటే మణికట్టు బొటనవేలి వైపు వంగి ఉందని అర్థం.

మణికట్టు నొప్పి అని వచ్చే వాళ్ళలో ఎక్కువమంది సమస్య ఇక్కడే తీరిపోతుంది. బరంపురం ప్రాంతంలో వెయిట్‌లిఫ్టింగ్ అంటే పిచ్చి. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచిన కాటులు రవికుమార్ ఆ ఊరివారే. జిమ్ నుంచి కరాటేకి వచ్చే కుర్రాళ్ళకి భుజబలం పుష్కలంగా ఉంటుంది, మొదటి వారంలో మణికట్టు పట్టుకుని కూర్చునేది కూడా వాళ్ళే. బలం ఎంత ఎక్కువైతే వరస తప్పినప్పుడు దెబ్బ అంత గట్టిగా తిరిగొస్తుంది.

3. తిన్నని దారి: గోడ పరీక్ష

కుడి చేత్తో కొడుతుంటే కుడి పక్కన గోడ ఉండేలా నిలబడండి. గోడకీ మోచేతికీ మధ్య నాలుగు వేళ్ళ ఖాళీ ఉంచండి. నెమ్మదిగా పంచ్ వేయండి. మోచెయ్యి గోడకి రాసుకుంటే అది బయటికి పోతున్నట్టు. అప్పుడు మీరు పోటు వేస్తున్నామనుకుంటూ సగం వేటు వేస్తున్నారు. దారి వంపు, పిడికిలి మాత్రం పోటుకి పెట్టినట్టు ఉంటుంది. తగిలినప్పుడు మణికట్టు మెలి తిరిగేది ఇందుకే.

మోచెయ్యి పక్కటెముకల్ని రాసుకుంటూ ముందుకి వెళ్ళాలి. కరాటేలో చివర్లో పిడికిలి తిప్పమంటారు. ఆ తిప్పడం దారి ఆఖర్న రావాలి, మొదట్లోనే తిప్పేస్తే మోచెయ్యి దానంతటదే బయటికి లేస్తుంది. బాక్సింగ్ నేర్చుకుంటున్న వాళ్ళు భుజం గడ్డానికి ఆనేదాకా చెయ్యి చాపుతారు, మోచెయ్యి చివర్లో కొంచెం లేస్తుంది. అది తప్పు కాదు, వాళ్ళ దారే అది. గోడ పరీక్ష వాళ్ళకి మొదటి మూడొంతుల దూరానికే వర్తిస్తుంది.

హెచ్చరిక: గాల్లో పంచ్ వేసేటప్పుడు మోచెయ్యి పూర్తిగా తాళం వేసినట్టు చాపేయకండి. బ్యాగ్ ఉంటే బలం దానిలోకి పోతుంది. గాల్లో అయితే మోచేతి కీలే ఆపాలి.

4. పిండి పరీక్ష: చుక్క పడాలి, గీత పడకూడదు

బ్యాగ్‌కి ముదురు గుడ్డ బిగుతుగా చుట్టండి. మెటికలకి ముగ్గు పిండి రాసుకోండి. పావు బలంతో, ఒక్కసారే కొట్టి వెంటనే చెయ్యి వెనక్కి తీయండి. దగ్గరికి వెళ్ళి చూడండి.

పక్కపక్కన రెండు గుండ్రటి మచ్చలు పడితే బాగుంది. ఒకటే పడి అది చూపుడు వేలిది అయితే మణికట్టు చిటికెన వేలి వైపుకి వాలింది. ఉంగరం, చిటికెన వేళ్ళ మచ్చలు పడితే వెంటనే ఆపి రెండో మెట్టుకి వెళ్ళండి. వేళ్ళ మధ్య కణుపుల మచ్చలు, అంటే మెటికల కింద నాలుగు గీతల్లా పడితే పిడికిలి పైకి వంగి తగిలింది.

మచ్చ సాగి గీతలా పడితే దారి తప్పు. గీత ఎటు సాగిందో పిడికిలి అటు జారింది. తల దగ్గర లావుగా, తోక సన్నగా ఉంటుంది చూడండి, లావు వైపు తగిలింది, తోక వైపు జారింది. పక్కకి గీత పడితే మోచెయ్యి బయటికి పోయినట్టు. కిందికి గీత పడితే భుజం లేపి కొట్టినట్టు. ఎంత పెద్ద మాస్టారైనా కంటితో చూసి చెప్పలేని తేడా ఈ గుడ్డ చెబుతుంది. ఈ వ్యాసంలో ఒక్క మెట్టే చేసే ఓపిక ఉంటే ఇదొక్కటి చేయండి.

ఈ పరీక్ష తర్వాత వచ్చే అన్ని దెబ్బలకీ పనికొస్తుంది. పిండి రాసే చోటు మారుతుంది, అంతే.

5. వంపు గుద్దు, అంటే హుక్

ఇక్కడే ఎక్కువ చేతులు దెబ్బ తింటాయి. తిన్నని పంచ్‌లో పిడికిలి ముందుకి చూస్తుంది, ముందుకే వెళ్తుంది, ఇబ్బంది లేదు. హుక్‌లో పిడికిలి వెళ్ళే దిక్కు ప్రతి క్షణం మారిపోతుంటుంది. తగలాల్సిన చోటు వంపులో ఒక్కటే.

ముందు ఆకారం: మోచెయ్యి దాదాపు లంబకోణంలో మడిచి, పిడికిలి ఎంత ఎత్తులో ఉందో మోచెయ్యినీ అంత ఎత్తుకి లేపండి. ఆ ఆకారాన్ని అలాగే ఉంచి, కాలి మడమ, తుంటి, భుజం కలిపి తిప్పండి. చెయ్యి ఊపడం కాదు, ఒళ్ళు తిరుగుతుంటే చెయ్యి వెంట వస్తుంది. బ్యాగ్ పక్కభాగానికి మెటికలు ఎదురుగా వచ్చినప్పుడు తగలాలి.

పిండి పరీక్షలో బొటనవేలి వైపు మచ్చ పడితే చెయ్యి ఎక్కువ చాచి ఊపారు, పిడికిలి లోపలి వైపు చెంపదెబ్బలా తగిలింది. ఒక అడుగు దగ్గరికి రండి. కిందినుంచి పైకి గీత పడితే మోచెయ్యి కిందికి జారింది. చిటికెన వేలి మెటిక మచ్చ పడితే మాత్రం జాగ్రత్త. సినిమాల్లోలాగా పైనుంచి వంపు తిప్పి దించే గుద్దుల్లో ఇది ఎక్కువ. చిటికెన వేలికి ఆధారమైన అరచేతి ఎముక మెడ దగ్గర విరగడం ఎంత మామూలంటే డాక్టర్లు దాన్ని 'బాక్సర్స్ ఫ్రాక్చర్' అనే పిలుస్తారు. పేరు బాక్సర్లది గానీ, ఎక్కువగా వచ్చేది కోపంలో గోడనో తలుపునో గుద్దిన మామూలు వాళ్ళకి.

పిడికిలి నిలువుగా పెట్టాలా, అడ్డంగా పెట్టాలా అని అడుగుతారు. రెండూ నేర్పే వాళ్ళున్నారు. నా అభిప్రాయం చెప్పాలంటే దగ్గర దూరంలో నిలువు, కొంచెం దూరమైతే అడ్డం. ఏది వేసినా గుడ్డ మీద రెండు చుక్కలు పడుతున్నాయా అన్నదే చూడండి.

ప్రత్యామ్నాయం: గ్లోవ్స్ లేకుండా, ఆత్మరక్షణ కోసం నేర్చుకుంటున్నారా? తల లాంటి గట్టి చోటికి పిడికిలితో హుక్ వద్దు. అదే దారిలో అరచేతి దిండు పంపండి. వంపు అదే, భాగం మారింది, చెయ్యి మిగులుతుంది. అమ్మాయిలకి ఆత్మరక్షణ నేర్పేటప్పుడు నేను పిడికిలి కన్నా ముందు అరచెయ్యే మొదలుపెట్టిస్తాను.

6. ఒకే చెయ్యి, దారి మార్చి చూడండి

పిడికిలి చిటికెన వేలి వైపు కండ ఉంది కదా. దాన్ని పైనుంచి కిందికి దించండి, సుత్తి దెబ్బ. అదే భాగాన్ని అడ్డంగా బయటికి తిప్పండి, పక్కనున్న వాడికి దెబ్బ. పిడికిలి విప్పి అంచు నిలబెడితే అది కరాటే వాళ్ళు షుతో అనే దెబ్బ. దారి అవే, భాగం సన్నబడింది, ఒత్తిడి పెరిగింది. వేళ్ళు వదులుగా ఉంటే మాత్రం చిటికెన వేలు ముందు తగిలి బెణుకుతుంది. వేళ్ళు కలిపి, మణికట్టుకి దగ్గరగా ఉన్న కండే తగిలేలా చూసుకోండి.

వేళ్ళ కొసలతో పొడిచేది కూడా పుస్తకాల్లో ఉంటుంది. కటాలో, అంటే ఒంటరిగా గాల్లో వరసగా చేసే కదలికల్లో చేయండి, బ్యాగ్ మీద వద్దు. అంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

7. ముందు కిక్: కుర్చీ దాటించండి

మాయె గెరి, ఫ్రంట్ కిక్, ఏ పేరైనా సరే. తగలాల్సింది మునివేళ్ళ కింది మెత్త. వేళ్ళు వెనక్కి లాగి ఉంచాలి. కూర్చుని చేత్తో వేళ్ళని వెనక్కి వంచి, ఆ భాగాన్ని నేలకి ఆనించి అలవాటు చేయండి. వేళ్ళు వెనక్కి రాకపోతే బొటనవేలు తగిలి గోరు నల్లబడుతుంది.

మీ ముందు ప్లాస్టిక్ కుర్చీ పెట్టండి, వీపు ఆనించే భాగం లేని స్టూలు అయితే ఇంకా మేలు. దానికి అవతల బ్యాగ్. పాదం కుర్చీకి తగలకుండా దాని మీదుగా వెళ్ళి, మళ్ళీ దాని మీదుగానే వెనక్కి రావాలి. మోకాలు ముందు లేవకపోతే అది సాధ్యం కాదు. మోకాలు లేపకుండా కాలు నేల నుంచి ఊపితే దారి కింది నుంచి పైకి పోతుంది, పాదం బ్యాగ్‌ని రాసుకుంటూ పైకి జారుతుంది. గుడ్డ మీద నిలువు గీత పడుతుంది.

ఇందులో రెండు రకాలు. మోకాలు పైకి లేపి కింది కాలు విదిలించి వెనక్కి లాగితే అది విదిలింపు. తుంటి ముందుకి తోసి, పాదం తిన్నగా బ్యాగ్‌లోకి పంపితే తోపుడు. తోపుడుకి మడమ కూడా వాడొచ్చు. ఎలా తెలుసుకోవాలి? విదిలింపుకి బ్యాగ్ అక్కడికక్కడ అదురుతుంది. తోపుడుకి దూరంగా ఊగుతుంది. మీరు అనుకున్నదొకటి, బ్యాగ్ చేసింది ఇంకొకటి అయితే తుంటి ఆలస్యంగానో తొందరగానో వచ్చింది.

8. రౌండ్ కిక్: మూడు భాగాలు, మూడు లెక్కలు

అసలు తగువంతా దీని మీదే. పాదం తగలాలా, షిన్ తగలాలా అంటే, రెండూ సరైనవే. ఏ ఆట, ఏ దూరం అన్నదాన్ని బట్టి.

పాదం పైభాగం: దూరం ఎక్కువ వస్తుంది, వేగం ఎక్కువ, చప్పుడు బాగా వస్తుంది. చీలమండ చాపి, వేళ్ళు కిందికి బిగించాలి. తైక్వాండో పోటీల్లో పాయింటు రావాలంటే చీలమండ ఎముక కింద ఉన్న పాదమే తగలాలి, ఎలక్ట్రానిక్ సాక్సుల్లో సెన్సర్లు ఉండేది అక్కడే. షిన్‌తో ఎంత గట్టిగా కొట్టినా స్కోరు పడదు. ఎదుటివాడు మోచెయ్యి అడ్డం పెట్టాడా, ఒకటో మెట్టులో నొక్కి చూసిన ఆ సన్నని ఎముకల మీద పడుతుంది దెబ్బ.

మునివేళ్ళ కింది మెత్త: పాత కరాటే పద్ధతి. చిన్న చోటు, గుచ్చుకునే దెబ్బ, పక్కటెముకలకి సరిపోతుంది. వేళ్ళు వెనక్కి లాగి ఉంచుతూ కాలు అడ్డంగా తిప్పడం కష్టం. తుంటి వదులు కాని వాళ్ళు తొందరపడొద్దు.

షిన్: ముయే థాయ్, కిక్ బాక్సింగ్ వాళ్ళది. గట్టి ఎముక, తగిలే చోటు కూడా పొడుగే, కాబట్టి దూరం కొంచెం అటూ ఇటూ అయినా ఏదో ఒక చోట సరిగ్గానే తగులుతుంది. కానీ ఒక అడుగు దగ్గరగా నిలబడాలి. మోకాలు విదిలించడం కన్నా తుంటి తిప్పి కాలంతా ఒకే దుంగలా పంపాలి.

అంటే భాగం మారితే దూరం మారింది, దారీ మారింది. ఒక సార్ చెప్పిన దూరంలో నిలబడి ఇంకో సార్ చెప్పిన భాగంతో కొడితేనే గొడవ.

ఏ భాగమైనా ఆనుకునే కాలు తిరగాల్సిందే. తగిలే క్షణానికి ఆ మడమ దాదాపు బ్యాగ్ వైపు చూడాలి. తిరగకపోతే ఆ మెలిక అంతా మోకాలు మోస్తుంది. మన ఊళ్ళలో మట్టి మైదానం ఉండడం ఇక్కడ వరం: ఒక కిక్ కొట్టి ఆనుకున్న కాలు ఎత్తి, కింద చూడండి. మునిపాదం నిలిచిన చోట దుమ్ములో చిన్న గుంట, దాని చుట్టూ మడమ గీసిన అర్ధచంద్రం కనిపించాలి. పాదం అచ్చు ఉన్నదున్నట్టు పడి ఉంటే కాలు తిరగలేదు.

గచ్చు మీద చేసే వాళ్ళు మడమ కొద్దిగా ఎత్తి మునిపాదం మీద తిరగండి. గరుకు సిమెంటు మీద వట్టి కాళ్ళతో ఎక్కువసేపు చేస్తే తోలు లేస్తుంది. తడి గచ్చు మీద అసలు వద్దు.

దూరం సరిచూడడానికి మళ్ళీ పిండే. పాదం నుంచి షిన్ మధ్య వరకూ రాయండి. పాదంతో కొట్టాలనుకుంటే షిన్ మచ్చ పడిందా, దగ్గరగా ఉన్నారు. షిన్‌తో కొట్టాలనుకుంటే వేళ్ళ దగ్గర మచ్చ పడిందా, దూరంగా ఉన్నారు. వెనక్కో ముందుకో జానెడు జరగండి, కాలు సాగదీసి సర్దుకోకండి.

9. పక్క కిక్

మడమ, దాన్ని ఆనుకున్న పాదం బయటి అంచు. ఇది పోటు. మోకాలు ఛాతీ దాకా మడిచి, మడమని తిన్నగా పంపాలి. చాలామంది కాలు మడవకుండానే పక్కకి ఊపుతారు. అది వేటు దారి, భాగమేమో పోటుది. పాదం బ్యాగ్‌ని రాసుకుని పైకి పోతుంది. గోడకి చెయ్యి ఆనించి, కాలు మడవడం ఒక లెక్క, చాపడం రెండో లెక్క, మడిచి తేవడం మూడో లెక్కగా నెమ్మదిగా చేయండి. చాపిన చోట కాలు ఆగలేకపోతే ఎత్తు తగ్గించుకోండి. మోకాలి ఎత్తులో సరిగ్గా వేసింది తల ఎత్తులో వంకరగా వేసిన దానికన్నా నయం.

మోచెయ్యి, మోకాలు దెబ్బల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. రెండూ దగ్గర దూరానివి, గట్టి ఎముకలు. మోచేతి కొస లోపల నరం ఉంటుంది, తగిలితే చెయ్యంతా జివ్వుమంటుంది, అందుకే కొస కన్నా ముంజేతి వైపు రెండు వేళ్ళు ముందున్న భాగంతో కొట్టండి.

ఫలితం ఎలా చూసుకోవాలి

బ్యాగ్ గిర్రున తిరుగుతోందా? మీ దారి దాని మధ్యలోంచి పోవడం లేదు, పక్కకి తగులుతోంది. తిన్నని దెబ్బకి బ్యాగ్ తిన్నగా వెనక్కి పోవాలి.

చప్పుడు విని మోసపోకండి. టప్ అని పెద్ద శబ్దం వచ్చిందంటే వెడల్పాటి భాగం చదునుగా తగిలిందని మాత్రమే. రెండు మెటికల పంచ్‌కి శబ్దం చిన్నగా, లోతుగా ఉంటుంది. పిల్లలు చప్పుడు కోసం కొట్టడం మొదలుపెడితే ఆ రోజు ప్రాక్టీసు ఆపేయడం మేలు.

ఫోను స్లో మోషన్‌లో పెట్టి పక్కనుంచి ఒకటి, పైనుంచి కుదిరితే ఒకటి తీయండి. ముందునుంచి తీసిన వీడియో బాగుంటుంది గానీ అందులో దారి కనిపించదు. వీడియోని తగిలిన ఫ్రేములో ఆపి రెండే చూడండి: కొట్టే భాగం వెనక ఎముకలు వరసలో ఉన్నాయా, ఆ భాగం వెళ్ళే దిక్కుకే చూస్తోందా. మొహం ఎలా పెట్టారన్నది తర్వాత చూసుకోవచ్చు.

ఎక్కువగా చూసే పొరపాట్లు

బలం ముందు, దారి తర్వాత అనుకోవడం. పిండి పరీక్షలో వరసగా పది దెబ్బలు చుక్కలుగా పడేదాకా సగం బలం దాటొద్దు.

అలిసిపోయాక కూడా లెక్క పూర్తి చేయాలని పట్టుదలకి పోవడం. యాభై కొట్టమన్నారని యాభై కొడతారు, చివరి పదిహేనులో మోచెయ్యి బయటికి పోతూనే ఉంటుంది. అలవాటయ్యేది ఆ చివరి పదిహేనే.

పిల్లల మెటికలు గట్టిపడాలని గోడకో చెట్టుకో కొట్టించడం. ఎముకలు ఇంకా పెరిగే వయసులో పెరుగుదల జరిగే చోటు మెత్తగా ఉంటుంది, అక్కడ దెబ్బ తగిలితే వేలు వంకరగా పెరగొచ్చు. దయచేసి చేయించకండి. సార్ చెప్పినా సరే, "మా వాడికి వద్దండీ" అని చెప్పేయండి. అందులో మొహమాటం ఏమీ లేదు.

గ్లోవ్స్ ఉన్నాయని మణికట్టు వదిలేయడం. గ్లోవ్ తోలుని, మెటికల్ని కాపాడుతుంది. వంగిన మణికట్టుని నిలబెట్టదు. ఆ పని ర్యాప్‌ది, అంతకన్నా ముందు మీది.

నొప్పి వస్తే

కండ నొప్పి రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. మెటిక లోపలికి దిగిపోయినట్టు కనిపించినా, పిడికిలి మూస్తే ఒక వేలు పక్క వేలి మీదికి ఎక్కినా, చేతి వెనక వాపు మర్నాటికీ తగ్గకపోయినా, పాదం మీద బరువు పెట్టి నాలుగడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించండి. ఎక్స్‌రే లేకుండా పసరు కట్టు వేయించుకోకండి, మసాజ్ చేయించకండి. విరిగిన ఎముక వంకరగా అతుక్కుంటే తర్వాత పిడికిలి సరిగ్గా మూసుకోదు. ఆసుపత్రికి వెళ్ళేలోగా గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, చెయ్యి గుండె కన్నా ఎత్తులో ఉంచితే వాపు కొంత తగ్గుతుంది. ఉంగరం ఉంటే ముందే తీసేయండి.

పోటీకి వెళ్తుంటే

ఏ ఆటలో ఏ భాగానికి పాయింటు అన్నది ముందే కనుక్కోండి. బాక్సింగ్‌లో గ్లోవ్ మెటికల భాగం తగిలితేనే స్కోరు, లోపలి వైపు తగిలితే ఫౌల్. తైక్వాండోలో మొహానికి పంచ్ చెల్లదు, ఛాతీ కవచం మీద తిన్నని పంచ్‌కే పాయింటు. ప్రపంచ కరాటే సమాఖ్య నియమాల్లో పంచ్‌కి ఒకటి, ఒంటి మీద కిక్‌కి రెండు, తల ఎత్తు కిక్‌కి మూడు పాయింట్లు. కానీ దెబ్బ అదుపులో ఉండాలి, గట్టిగా తగిలితే మీకే పెనాల్టీ. కాబట్టి కరాటే పోటీకి ప్రాక్టీసు చేసేటప్పుడు ఆఖరి వారం బ్యాగ్ పక్కన పెట్టి, వేలాడదీసిన న్యూస్‌పేపర్ షీటు మీద కొట్టండి. షీటు కదలాలి, చిరగకూడదు. చిరిగితే ఒక అడుగు వెనక్కి వేసి మళ్ళీ మొదలుపెట్టండి.